ఇరవై మెట్లెక్కిన విదూషకుడు



1988 ఫిబ్రవరిలో జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ మూడో ఆట విడుదలైంది. దానికోసం జనం కొట్ల ముందు బారులు తీరారు. ఆ ఆటలో లోకాన్ని కాపాడడానికి బయలుదేరే వీరుడు ముందుగా ఊళ్ళోని మద్యశాలకు వెళ్ళి, తోడుగా ముగ్గుర్ని ఎంచుకోవచ్చు. కత్తి పట్టే యోధుడున్నాడు, ఉత్త చేతులతో పోరాడే మల్లుడున్నాడు, మాంత్రికుడు, పూజారి, వర్తకుడు ఉన్నారు. వీళ్ళందరితోపాటు ఒక విదూషకుడు కూడా ఉన్నాడు. యుద్ధంలో అతణ్ణి కొట్టమని ఆజ్ఞాపిస్తే బుద్ధిపుడితే కొడతాడు, లేకపోతే ఏదో వేషం వేసి, హాస్యమాడి తన వంతు దాటేస్తాడు. బలం అంతంతమాత్రం. మంత్రాలు రావు. అదృష్టం ఒక్కటే దండిగా ఉంటుంది.

అలాంటివాణ్ణి వెంటబెట్టుకుని ఎవరైనా యుద్ధానికి పోతారా? పోయారు. కారణం ఉంది. ఆ విదూషకుణ్ణి 20వ లెవెల్ దాకా మోసుకెళ్ళి, ధర్మా అనే ఆలయంలో నిలబెడితే అతను ఋషి అవుతాడు. ఋషికి మాంత్రికుడి మంత్రాలూ వస్తాయి, పూజారి మంత్రాలూ వస్తాయి. మరెవరైనా ఋషి కావాలంటే అరుదైన ఒక గ్రంథం సంపాదించుకోవాలి. విదూషకుడికి ఆ గ్రంథంతో పనిలేదు.

ఈ ఒక్క నియమంలో రెండు సంగతులు పెనవేసుకుని ఉన్నాయి. యుద్ధం ఎలా జరుగుతుందన్నది ఒకటి. యుద్ధం చేసే మనిషి ఎలా తయారవుతాడన్నది రెండోది. జపాన్ రోల్ ప్లేయింగ్ ఆటలు, అంటే ఆడేవాళ్ళు పొట్టిగా జేఆర్పీజీలని పిలుచుకునేవి, నలభై ఏళ్ళుగా ఈ రెంటినే రకరకాలుగా మారుస్తూ వస్తున్నాయి. వాటిలో కొన్నిటిని ఇవాళ పక్కపక్కన పెట్టి చూద్దాం. చూసినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది, ముందే చెప్పేస్తాను. ఆటలో మనకు ఎన్ని దారులు తెరిచి ఉన్నాయన్నది పెద్ద విషయం కాదు. ఒక దారి పట్టినందుకు ఆట మన దగ్గర ఏం తీసుకుంటుందన్నదే అసలు విషయం.

ఈ ఆటల మూలం అమెరికాలో ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర ధరించి కథ నడిపే ఆట అది. 1981లో విజార్డ్రీ, అల్టిమా అనే ఆటలు ఆ సంబరాన్ని కంప్యూటర్ తెర మీదికి ఎక్కించాయి. జపాన్‌లో యూజీ హోరీ అనే రచయిత వాటిని ఆడి ముచ్చటపడ్డాడు. అయితే అవి కీబోర్డు ముందు కూర్చునే వాళ్ళ కోసం పుట్టినవి. ఇంట్లో టీవీకి తగిలించుకునే నింటెండో ఫామికామ్ పెట్టెకు ఉన్న కంట్రోలర్‌లో ముఖ్యంగా ఉన్నవి దిక్కులు చూపే మీట, దాని పక్కన రెండు గుండీలు. ఆ కాస్తలో అంత ఆటనూ ఇమడ్చాలి.

1986 మే నెలలో ఎనిక్స్ సంస్థ మొదటి డ్రాగన్ క్వెస్ట్ విడుదల చేసింది. బొమ్మలు అకిరా తోరియామావి, సంగీతం కోయిచి సుగియామాది. పోరు ఇలా ఉంటుంది: ఎదురుగా ఒక రాక్షసుడి బొమ్మ, పక్కన నాలుగు మాటల పట్టిక. కొట్టు, మంత్రం వెయ్యి, పారిపో, వస్తువు వాడు. మనం తేల్చుకునేదాకా శత్రువు కదలడు. గెలిస్తే అనుభవం పాయింట్లు వస్తాయి, అవి పోగైతే లెవెల్ పెరుగుతుంది. చేతివేగం లేనివాళ్ళు కూడా ఓపిక ఉంటే ఆట ముగించగలరు. ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆటగా అది నిలబడడానికి ఈ ఓపిక సూత్రమే ఆధారం.

కానీ అందులో వీరుడు ఒక్కడే, ఎదురయ్యే శత్రువూ ఒక్కడే. వీరుణ్ణి మనకు నచ్చినట్టు మలచుకోవడానికి కత్తి, డాలు, కవచం కొనడం తప్ప దారి లేదు. ఒక చమత్కారం మాత్రం ఉంది. మొదట్లో మనం పెట్టే పేరులోని అక్షరాలను బట్టి, వీరుడి బలం ఎలా పెరగాలి, వేగం ఎలా పెరగాలి అని ఆట లోలోపల లెక్కగట్టేస్తుంది. పేరు పెట్టేవాడికి ఆ సంగతి తెలియదు. తెలియకుండా చేసింది ఎంపిక ఎలా అవుతుంది? ఆ లోటు తీరడానికి మరో ఏడాదిన్నర పట్టింది.

1987 డిసెంబరులో స్క్వేర్ సంస్థ నుంచి ఫైనల్ ఫాంటసీ వచ్చింది. సృష్టికర్త హిరోనోబు సకగుచి. ఇందులో ఆట మొదలుపెట్టగానే నలుగురు మనుషుల్ని తయారుచేసుకోవాలి. యోధుడు, దొంగ, చేతులతో పోరాడే బ్లాక్ బెల్ట్, గాయాలు మాన్పే తెల్ల మాంత్రికుడు, విధ్వంసం చేసే నల్ల మాంత్రికుడు, రెండూ కొద్దికొద్దిగా వచ్చిన ఎర్ర మాంత్రికుడు. ఈ ఆరు వృత్తుల్లోంచి నాలుగు తీసుకోవాలి. తీసుకున్నాక మార్చుకునే వీల్లేదు. నలుగురూ తెల్ల మాంత్రికులే కావాలన్నా ఆట వద్దనదు, ఆ తర్వాత మీ పాట్లు మీవి.

రెండు నెలలకు వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ మూడో ఆట మార్చుకోనిస్తుంది, కానీ ఊరికే మార్చుకోనివ్వదు. 20వ లెవెల్ చేరిన మనిషి ధర్మా ఆలయంలో కొత్త వృత్తి పుచ్చుకుంటే, లెవెల్ మళ్ళీ ఒకటికి పడిపోతుంది. సంపాదించుకున్న శక్తి సగమైపోతుంది. నేర్చిన మంత్రాలు మాత్రం పోవు. అంతకాలం మాంత్రికుడిగా బతికినవాడు యోధుడైతే కొన్నాళ్ళు పసివాడిలా దెబ్బలు తింటాడు. ఆ కొన్నాళ్ళూ మిగతా ముగ్గురే అతణ్ణి కాచుకోవాలి. మన విదూషకుడి లెక్క కూడా ఇదే. ఋషి ఉచితంగా రాడు. 20 లెవెళ్ళపాటు నలుగురు చేయాల్సిన యుద్ధం ముగ్గురు చేయడమే అతని ఖరీదు.

ఇక లెవెళ్ళనే ఎత్తేస్తే? ఆ పని 1988 డిసెంబరులో ఫైనల్ ఫాంటసీ రెండో ఆట చేసింది. రూపకర్తల్లో ముఖ్యుడు అకితోషి కవాజు. ఆయన సూత్రం చాలా సహజమైనది: ఏ పని చేస్తే ఆ పనిలో ఆరితేరతావు. కత్తి తిప్పితే కత్తి విద్య పెరుగుతుంది, మంత్రం వేస్తే ఆ మంత్రం పదునెక్కుతుంది, దెబ్బలు తింటే దెబ్బలకు తట్టుకునే శక్తి పెరుగుతుంది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. ఆడేవాళ్ళు దాని లోపం కొద్దిరోజుల్లోనే పట్టేశారు. బలహీనమైన శత్రువును ఎదురుగా నిలబెట్టుకుని, తమవాళ్ళను తామే చావబాదుకోవడం మొదలుపెట్టారు. రాక్షసుణ్ణి కొట్టడం కంటే మిత్రుణ్ణి కొట్టడమే లాభసాటి అయింది. ఎంపికకు ఆట పెట్టిన వెలను ఆడేవాళ్ళు ఇలా ఎగ్గొట్టారు.

కవాజు ఆ ఆలోచనను వదిలిపెట్టలేదు. 1989లో మొదలైన సాగా అనే వరుసలో దాన్నే సానపట్టాడు. 1993 నాటి రొమాన్సింగ్ సాగా రెండో ఆటలో ఒక అందమైన ఏర్పాటుంది. పోరు మధ్యలో ఉన్నట్టుండి పాత్ర నెత్తిమీద బల్బు వెలుగుతుంది. ఆ క్షణంలో ఆ మనిషికి కొత్త కత్తి దెబ్బ ఒకటి స్ఫురిస్తుంది. బలమైన శత్రువు ఎదురుగా ఉన్నప్పుడే ఇలా స్ఫురించే అవకాశం ఎక్కువ. తేలికైన శత్రువుల మధ్య కాలక్షేపం చేసేవాడికి బల్బు సులభంగా వెలగదు. అంటే విద్య కావాలంటే ప్రమాదంలోకి దిగాలి. ఎగ్గొట్టడానికి వీల్లేని వెల అంటే ఇదీ.

ఇప్పటిదాకా మనం చెప్పుకున్నవన్నీ మనిషిని ఎలా మలచాలన్న ముచ్చట్లు. పోరు మాత్రం నువ్వొకసారి నేనొకసారి అన్న పద్ధతిలోనే సాగింది. 1991లో ఫైనల్ ఫాంటసీ నాలుగో ఆటలో హిరోయుకి ఇతో దాన్ని కదిలించాడు. ఫార్ములా వన్ పందెంలో కార్లు వేర్వేరు వేగాలతో ఒకదాన్నొకటి దాటిపోవడం చూసి ఈ ఊహ తట్టిందని తనే చెప్పుకున్నాడు. వేగం ఉన్న పాత్రకు వంతు త్వరగా వస్తుంది, మందకొడికి ఆలస్యంగా వస్తుంది. మనం పట్టిక ముందు తటపటాయిస్తుంటే శత్రువు ఆగడు. యాక్టివ్ టైమ్ బ్యాటిల్ అని పిలిచే ఈ పద్ధతి ఆ తర్వాత పదేళ్ళపాటు ఫైనల్ ఫాంటసీ వరుసను ఏలింది. ఇక్కడ తటపటాయింపుకే వెల ఉంది.

చిత్రమేమిటంటే, పోరులో ఇంత కొత్తదనం తెచ్చిన ఆట, మనిషిని మలచుకునే స్వేచ్ఛను పూర్తిగా లాగేసుకుంది. ఎవరి వృత్తి వాళ్ళది. కథ చెప్పినట్టే అందరూ నడవాలి. కానీ ఆ బిగింపులోంచే గొప్ప ఘట్టాలు పుట్టాయి. సెసిల్ అనే నాయకుడు చీకటి యోధుడు. చేసిన పాపాలకు పశ్చాత్తాపపడి కొండ ఎక్కి, తన చీకటి రూపాన్నే ఎదుర్కొని పాలడిన్ అనే పవిత్ర యోధుడవుతాడు. ఆ క్షణాన అతని లెవెల్ ఒకటికి పడిపోతుంది. డ్రాగన్ క్వెస్ట్‌లో మనం బేరమాడి తీసుకున్న నియమం ఇక్కడ ఒక మనిషి జీవితంలో మలుపైంది. అదే ఆటలో టెల్లా అనే ముసలి ఋషి ఉంటాడు. ఎంత పోరాడినా అతని మంత్రశక్తి 90 దాటి పెరగదు. అతను వేయాలనుకునే ఉల్కల మంత్రానికి 99 కావాలి. కూతురి చావుకు పగ తీర్చుకోవడానికి ఆ మంత్రం వేస్తాడు, ప్రాణం పోతుంది. ఆ రెండు అంకెల మధ్య తొమ్మిది తేడాలోనే అతని కథంతా ఉంది.

దీనికి పూర్తిగా ఎదురుదిక్కున 1992లో ఐదో ఆట వచ్చింది. 22 వృత్తులు. ఎవరైనా ఏ వృత్తయినా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. లెవెల్ తగ్గదు. ఒక వృత్తిలో నేర్చిన విద్యను ఇంకో వృత్తిలోకి తీసుకెళ్ళవచ్చు. సమురాయ్ కత్తి పట్టుకుని గాయాలు మాన్పే మంత్రం వేయవచ్చు. అయితే తీసుకెళ్ళడానికి ఉన్న చోటు మామూలుగా ఒక్కటే. నేర్చినవి పది ఉన్నా వెంట వచ్చేది ఒకటి. వెల అక్కడ పెట్టారు. ఇంకో సొగసు కూడా ఉంది. ఏ వృత్తీ లేని మామూలు మనిషిగా నిలబడితే, అప్పటిదాకా పూర్తిగా నేర్చిన వృత్తుల సహజ గుణాలన్నీ అతనిలో చేరతాయి. ఆట చివరికొచ్చేసరికి అందరికంటే బలవంతుడు ఆ మామూలు మనిషే.

ఈ ఆటను ప్రేమించేవాళ్ళు ఏటా ఒక వేడుక జరుపుకుంటారు. ఫోర్ జాబ్ ఫియెస్టా అంటారు. లాటరీలో వచ్చిన నాలుగు వృత్తులతోనే ఆట ముగించాలి, దాంతోపాటు సహాయ నిధికి విరాళాలు కూడా పోగుచేస్తారు. 22 వృత్తులు చేతిలో ఉన్నవాళ్ళు తమ చేతులు తామే కట్టేసుకుంటున్నారు. స్వేచ్ఛ ఎక్కువైన చోట ఆటగాళ్ళే హద్దులు వెతుక్కుంటారనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

1994 నాటి ఆరో ఆటలో 14 మంది పాత్రలు. మొదట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. ఒకడు జూదం ఆడతాడు, ఒకడు యంత్రాలు ప్రయోగిస్తాడు, ఒకడు కంట్రోలర్ గుండీలు వరసగా నొక్కితే కుస్తీపట్లు పడతాడు. తర్వాత మంత్రశిలలు చేతికొస్తాయి. వాటిని ధరిస్తే దాదాపు ఎవరైనా ఏ మంత్రమైనా నేర్చుకోవచ్చు. ఆట ముగిసే వేళకు అందరూ ఒకే పెద్ద మంత్రం వేస్తుంటారు. 14 మంది ఒక్కరిలాగే అయిపోతారు.

1997 జనవరిలో వచ్చిన ఏడో ఆట దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. అందులో మంత్రాలన్నీ మెటీరియా అనే రంగురంగుల మణుల్లో ఉంటాయి. కత్తికీ కవచానికీ ఉన్న రంధ్రాల్లో మణులు పొదుగుకోవాలి. పక్కపక్క రంధ్రాలు జతగా ఉంటే ఒక మణి ఇంకోదాన్ని మారుస్తుంది. గాయం మాన్పే మణిని "అందరికీ" అనే మణితో జతచేస్తే ఒక్కసారే అందరి గాయాలూ మానతాయి. ఇలా జతలు కూర్చడం ఎంత రుచించిందంటే, చాలామంది పోరు కంటే ఈ కూర్పు దగ్గరే ఎక్కువసేపు గడిపారు. కాబట్టి ఈ పద్ధతిని నేను తీసిపారేయను. కానీ విద్య మణిదైనప్పుడు మనిషి దగ్గర ఏం మిగిలింది? ఆ కథలో ఏరిత్ అనే అమ్మాయి చనిపోతుంది. ఆమె ధరించిన మణులు తిరిగి మన సంచిలోకి వస్తాయి. మనిషి పోయింది, మణులు మిగిలాయి. ఆ చావుకు లక్షలమంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పోరు లెక్కల్లో మాత్రం పెద్దగా పోయిందేమీ లేదు, ఆమెకే సొంతమైన కొన్ని ప్రత్యేక శక్తులు తప్ప. కథ ఒకటి చెబుతుంటే, నియమాలు ఇంకోటి చెబుతున్నాయి.

తర్వాతి ఆటలు ఈ చిక్కుతోనే కుస్తీపట్టాయి. 2001లో పదో ఆట స్ఫియర్ గ్రిడ్ అనే పెద్ద పటం పరిచింది. ఏడుగురూ ఒకే పటంలో వేర్వేరు చోట్ల బయలుదేరతారు. మొదట్లో ఎవరి దారి వాళ్ళది, చాలాకాలం తిరిగితే అందరూ అందరి దారుల్లోకీ వెళ్ళిపోతారు. 2006లో పన్నెండో ఆట ఒక సాహసం చేసింది. గాంబిట్ అనే పద్ధతిలో మనం పోరాడం, పోరాటానికి నియమాలు రాసిపెడతాం. మిత్రుడి ప్రాణం సగానికి తగ్గితే మందు వెయ్యి, శత్రువుకు నిప్పు పడదంటే నిప్పు మంత్రం వెయ్యి, ఇలా వరసగా రాస్తాం. పాత్రలు వాటిని పాటిస్తూ తమంతట తామే పోరాడతాయి. వంతులవారీ పోరులో పదేపదే చేసే పనంతా నియమాల పట్టికలోకి వెళ్ళిపోయింది. మన బుద్ధికి పని యుద్ధానికి ముందే. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఈ ఆట ప్రత్యేకంగా నచ్చితే ఆశ్చర్యం లేదు.

అదే ఆటలో పాత్రల్ని మలిచే పటం మాత్రం అందరికీ ఒకటే ఉండేది. ఆరుగురూ చివరికి అన్నీ నేర్చేసేవారు. ఆ సంగతి రూపకర్తలే గుర్తించినట్టున్నారు. 2007లో జపాన్‌లో మళ్ళీ విడుదల చేసినప్పుడు రాశులపేరిట 12 వృత్తులు పెట్టి, మనిషికి ఒకటే అన్నారు. ఒకసారి తీసుకుంటే మార్చుకోవడం లేదు. 2017 నాటి కొత్త రూపంలో మనిషికి రెండు వృత్తులిచ్చారు. ఒకే ఆట మూడుసార్లు తన స్వేచ్ఛను కొలుచుకుంది. మొదట అంతులేకుండా ఇచ్చింది, తర్వాత బాగా బిగించింది, చివరికి నడుమ ఆగింది.

ఇప్పుడు ఇంకో కుటుంబం దగ్గరికి వద్దాం. ఇందులో మనం మలిచేది మనుషుల్ని కాదు, పోగుచేసుకున్న ప్రాణుల్ని. 1996లో గేమ్ బాయ్ మీద వచ్చిన పోకెమాన్ మన పిల్లలకు కార్టూన్‌గా బాగా తెలుసు. అది కూడా జేఆర్పీజీయే. దానిలోని ఒక చిన్న నియమం నాకు చాలా ఇష్టం. ఏ పోకెమాన్ అయినా ఒకసారికి నాలుగు విద్యలే గుర్తుపెట్టుకోగలదు. ఐదోది నేర్పాలంటే పాతదొకటి మరిచిపోవాలి. ఆరేళ్ళ పిల్లవాడు కూడా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. వందల ప్రాణులూ, వందల విద్యలూ ఉన్న ఆటను ఈ నాలుగు అంకె అదుపులో పెడుతుంది.

ఇదే కుటుంబంలో పెద్దవాళ్ళ కోసం తయారైనవి అట్లస్ సంస్థ వారి షిన్ మెగామి తెన్సెయి ఆటలు. వీటికి మూలమైన ఆట 1987లో వచ్చింది. ఇందులో ఎదురైన దయ్యాలతోనూ దేవతలతోనూ మాట్లాడి, లంచమిచ్చి, బతిమాలి మన జట్టులో చేర్చుకోవాలి. ఆ తర్వాత ఇద్దర్ని కలిపి మూడోవాణ్ణి పుట్టించాలి. కలిపిన ఇద్దరూ పోతారు, వాళ్ళ విద్యల్లో కొన్ని కొత్తవాడికి వారసత్వంగా వస్తాయి. ఎంతో కాలం వెంట నడిచినవాణ్ణి వదులుకుంటేగానీ కొత్త బలం రాదు. ఈ కలయికల పట్టికలో మన శ్రోతలు ఉలిక్కిపడే పేర్లుంటాయి. శివుడు, విష్ణువు, లక్ష్మి, గణేశుడు, హనుమంతుడు, గరుత్మంతుడు అందరూ ఉన్నారు. మూడో ఆటలో శివుడు కావాలంటే బాలీ ద్వీపపు పురాణాల్లోని రంగ్దా, బారోంగ్ అనే ఇద్దర్ని కలపాలి. ఫైనల్ ఫాంటసీలోనైతే శివ అంటే మంచు కురిపించే స్త్రీ. ఇది మనలో కొందరికి నొప్పి కలిగించవచ్చు, కొందరికి నవ్వు తెప్పించవచ్చు. అన్ని మతాల దేవతల్నీ ఒకే సంతలో నిలబెట్టడం ఆ ఆటల స్వభావం, ఏ ఒక్కరినీ వేరుచేసి చూడవు.

ఆ మూడో ఆట 2003లో వచ్చింది, పేరు నాక్టర్న్. దాని పోరు నియమం కత్తిలా ఉంటుంది. నలుగురున్న జట్టుకు నాలుగు వంతులు. శత్రువు బలహీనత మీద కొడితే సగం వంతే ఖర్చవుతుంది, మిగతా సగం మనదే. దెబ్బ తప్పినా, శత్రువుకు తగలని మంత్రం వేసినా రెండు వంతులు గల్లంతు. ఇవే నియమాలు శత్రువుకూ వర్తిస్తాయి. ఆటలో మొదట్లోనే మటాడోర్ అనే ఎద్దులపోరు వీరుడు ఎదురవుతాడు. అతని గాలి దెబ్బకు లొంగే ప్రాణి మన జట్టులో ఒకటున్నా చాలు, అతనికి అదనపు వంతులొచ్చి అందర్నీ ఊడ్చేస్తాడు. లెవెల్ పెంచుకుని మొండిగా వెళితే చాలాసార్లు ఓటమే. వెనక్కి వెళ్ళి, ఉన్నవాళ్ళను కలిపి, గాలిని తట్టుకునేవాళ్ళను పుట్టించుకుని రావాలి. పోరు వేసిన ప్రశ్నకు జట్టు కూర్పు సమాధానం చెప్పడమంటే ఇదే. ఈ రెండూ ఇంత గట్టిగా ముడిపడిన ఆట నాకు మరొకటి తోచదు.

అదే సంస్థ నుంచి 2006లో వచ్చిన పెర్సోనా మూడో ఆట వెలను కాలంగా మార్చింది. నాయకుడు హైస్కూలు విద్యార్థి. కేలెండర్ రోజురోజుకీ జరిగిపోతుంటుంది. సాయంత్రం స్నేహితుడితో గడిపితే, ఆ స్నేహానికి సంబంధించిన శక్తులు కలయికలో బలంగా పుడతాయి. అదే సాయంత్రం చదువుకోవాలన్నా, ఇంకొకరిని కలవాలన్నా కుదరదు. గడిచిన రోజు తిరిగి రాదు. పైగా ఆ ఆట మొదటి రూపంలో మన చేతిలో ఉన్నది నాయకుడొక్కడే. తోటివాళ్ళకు సలహా మాత్రమే ఇవ్వగలం, పోరు వాళ్ళ ఇష్టం. ప్రాణం మీదికొస్తుంటే మిత్సురు అనే అమ్మాయి శత్రువును మోహపెట్టే మంత్రం వేస్తూ కూర్చునేదని అభిమానులు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటారు. 2009లో చేతిలో పట్టుకుని ఆడే రూపం వచ్చినప్పుడు అందరికీ ఆజ్ఞలిచ్చే వీలు కల్పించారు. ఆడడం సులువైంది. మన మాట వినని ఆ మిత్సురు మాత్రం లేకుండా పోయింది.

2012లో వచ్చిన బ్రేవ్‌లీ డిఫాల్ట్ వంతులనే అప్పుగా ఇచ్చింది. ఈ వంతు వాడకుండా దాచుకోవచ్చు, రాబోయే వంతుల్ని ఇప్పుడే తెచ్చుకుని ఒక్కసారే నాలుగు దెబ్బల దాకా వేయవచ్చు. మన ఊళ్ళలో చీటీ పాటలాంటిదే ఇది. అవసరం ఉన్నవాడు మొదటి నెలలోనే పాడేసుకుని మిగతా నెలలన్నీ వాయిదాలు కడతాడు, ఓపికున్నవాడు చివరిదాకా ఆగుతాడు. శత్రువు ఆ నాలుగు దెబ్బలకు పడిపోతే సరే. పడకపోతే అప్పు తీరేదాకా చేతులు కట్టుకుని దెబ్బలు తినాలి. వృత్తులు 24. చాలావరకు, ఆ వృత్తిలో ఉన్న శత్రువును ఓడించాకే అది మన చేతికొస్తుంది. అంటే ఒక విద్యను వాడడానికి ముందు దాని దెబ్బ ఎలా ఉంటుందో మనమే రుచి చూస్తాం.

ఇవన్నీ ఆలోచించుకుని ఆజ్ఞాపించే ఆటలు. వీటితోపాటు చేతివేగం కోరే పాయ కూడా మొదటినుంచీ ఉంది. 1995లో వచ్చిన టేల్స్ ఆఫ్ ఫాంటేసియాలో కత్తి మనమే స్వయంగా తిప్పాలి. ఇటీవల పెద్ద ఆటలు చాలావరకు ఆ పాయలోకే మళ్ళాయి. 2023 నాటి ఫైనల్ ఫాంటసీ 16లో క్లైవ్ అనే ఒక్కడే మన చేతిలో ఉంటాడు. పోరుకు రూపకల్పన చేసిన ర్యోతా సుజుకి అంతకుముందు క్యాప్‌కామ్‌లో డెవిల్ మే క్రై ఐదో ఆటకు పనిచేసినవాడు. కళ్ళు చెదిరే పోరు అది. కానీ నేర్చిన విద్యల్ని ఎప్పుడంటే అప్పుడు రద్దుచేసి, పెట్టిన పాయింట్లన్నీ తిరిగి పుచ్చుకోవచ్చు. ఏం ఎంచుకున్నా నష్టం లేదు. నా దృష్టిలో ఆ ఆటకున్న లోటు అదే. మన క్లైవ్ అంటూ ఒకడు ఏర్పడడు. పక్కింటివాళ్ళ క్లైవ్‌ను పది నిమిషాల్లో తయారుచేసుకోవచ్చు.

ఇక్కడ సరదా మలుపు ఒకటుంది. సేగా సంస్థ వారి యాకుజా ఆటలు 2005 నుంచీ వీధుల్లో ముష్టియుద్ధాలకు పేరుపడ్డవి. 2020లో వచ్చిన లైక్ ఎ డ్రాగన్‌లో అవి అటునుంచి ఇటు వచ్చి వంతులవారీ పోరును చేపట్టాయి. కథానాయకుడు ఇచిబాన్ కసుగా నలభై దాటినవాడు, జైలునుంచి బయటికొచ్చినవాడు, చిన్నప్పుడు డ్రాగన్ క్వెస్ట్ అంటే ప్రాణం పెట్టినవాడు. వీధి రౌడీలు అతని కళ్ళకు రాక్షసులుగా కనిపిస్తారు. అతను వృత్తి మార్చుకోవడానికి ఏ ఆలయానికీ వెళ్ళడు. హలో వర్క్ అనే ఉద్యోగ కేంద్రానికి వెళతాడు. జపాన్‌లో నిజంగా ఉన్న ప్రభుత్వ కార్యాలయం పేరే అది. అక్కడ దొరికే వృత్తులు వంటవాడు, వీధి గాయకుడు, అంగరక్షకుడు, జోస్యం చెప్పేవాడు. నడివయసులో బతుకు మళ్ళీ మొదలుపెట్టే మనిషికి ఒకటో లెవెల్ నుంచి మొదలవడం ఎంత సరిగ్గా అతికిందో చూడండి. 2025లో ఫ్రాన్స్‌కు చెందిన ఒక చిన్న సంస్థ క్లెయిర్ ఆబ్‌స్క్యూర్ అనే ఆటలో వంతులవారీ పోరుకు, శత్రువు దెబ్బను సరైన క్షణంలో కాచుకునే చేతివేగాన్ని జోడించింది. రెండు పాయలూ అక్కడ కలిశాయి.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఏం తేలింది? పోరు వేగంగా ఉందా నిదానంగా ఉందా అన్నది రుచికి సంబంధించిన మాట. వృత్తులు ఆరా, ఇరవైరెండా అన్నది అట్ట మీద అచ్చువేసుకునే అంకె. ఒక ఆట మనసులో నిలవడానికి కారణం వేరే ఉంది. పోకెమాన్ నాలుగు విద్యల దగ్గర గీత గీస్తుంది. నాక్టర్న్ మన మిత్రుణ్ణి తీసుకుంటుంది. పెర్సోనా మన సాయంత్రాన్ని తీసుకుంటుంది. డ్రాగన్ క్వెస్ట్ మన లెవెల్‌ను తీసుకుంటుంది. ఇలా ఏదో ఒకటి తీసుకున్నప్పుడే మన జట్టు మరొకరి జట్టులా కాకుండా మనదవుతుంది. కథలో కనిపించే మనిషి, నియమాల్లో కనిపించే మనిషి ఒక్కరే అయినప్పుడు, టెల్లా ముసలాయన విషయంలో అయినట్టు, ఆట సాహిత్యానికి దగ్గరగా వస్తుంది.

ఈ ఆటలు కొత్తగా మొదలుపెట్టాలనుకునే శ్రోతలకు నా సలహా ఒకటే. ఎన్ని గంటల ఆట, ఎంతమంది పాత్రలు అని విచారించకండి. ఇందులో ఒకటి ఎంచుకుంటే ఏది వదులుకోవాలి అని అడగండి. ఏమీ వదులుకోనక్కర్లేదన్న సమాధానం వస్తే, ఆ ఆట కళ్ళకు పండగ కావచ్చు, చేతులకు వ్యాయామం కావచ్చు, కానీ మిమ్మల్ని ఏదీ తేల్చుకోనివ్వదు. ఇంట్లో పిల్లలు ఏదో ఒకటి వదులుకోమనే ఆట ముందు అరగంటసేపు కదలకుండా పట్టిక చూస్తూ కూర్చుంటే వెంటనే కేకలెయ్యకండి. ఏది వదులుకోవాలో తేల్చుకుంటున్నారేమో, ఒకసారి పక్కన కూర్చుని అడిగి చూడండి.